చేదు పోయిందో లేదో

మా మెట్ల కింద గదిలో ఉండే గింజలాయన మందుల షాపువాడి నోరు మూయించిన రోజు నేను అక్కడే ఉన్నాను. దగ్గు మందు కోసం వెళ్లి, దగ్గడం మరిచిపోయి చూశాను.

నారింజ, నిమ్మ గింజల్లోంచి నూనె తీస్తాడు కాబట్టి అతను గింజలాయన. పగిలిన పెదాలకు రాసుకునే ఆ నూనెను చిన్న సీసాల్లో పోసి ఆ షాపుకే ఇచ్చేవాడు. షాపువాడు తెలివి మీరి సీసాల మీద కొత్త కాగితాలు అంటించాడు. కడుపులో పురుగులు, కీళ్లనొప్పులు, జ్వరం, అన్నీ మాయమట.

"పీకెయ్," అన్నాడు గింజలాయన.

"నీ సొమ్మేం పోయింది? నాలుగు సీసాలు ఎక్కువ అమ్ముడుపోతాయి."

"పెదాలు మెత్తబడతాయి. అంతవరకే నా పూచీ."

"గింజలో మందుందని నువ్వే అన్నావుగా?"

"చేదుందన్నాను. లిమొనిన్ అంటారు. అది దేనికైనా పనికొస్తుందా అని ల్యాబుల్లో చూస్తున్నారు, ఇంకా తేలలేదు. నీకంత నమ్మకముంటే ఇదిగో, గుప్పెడు గింజలు నములు. నేనూ నములుతా. ముందు ఎవరు ఉమ్మితే వాళ్ల మాట చెల్లదు."

షాపు నిండా జనం. వెనక్కి తగ్గితే పరువు పోతుందని వాడూ నోట్లో వేసుకున్నాడు. ముందు మొహం ముడుచుకుంది, తర్వాత కళ్లలో నీళ్లు, ఆ తర్వాత పెరట్లోకి పరుగు. గింజలాయన మాత్రం ఎండుగడ్డి మేసే ఆవులా నింపాదిగా నమిలాడు. పక్కనున్న వాళ్లావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడి గెలుపుకు మురిసిపోతోందనుకున్నాను. సాయంత్రానికల్లా కాగితాలు ఊడిపోయాయి.

అంతకుముందు అతను జ్యూస్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అది మూతపడ్డాక మొగుడూ పెళ్లాలిద్దరూ జ్యూస్ బండ్ల దగ్గర పారబోసే గింజలు తెచ్చుకునేవారు. గింజ మీది జిగురు పెక్టిన్ అనీ, జామ్ గట్టిపడేది దానివల్లేననీ, ఎండిన గింజలో ఇంచుమించు మూడోవంతు నూనేననీ ఫ్యాక్టరీలో కెమిస్టమ్మ చెప్పిందట. ఆ నూనెలో లినోలిక్ ఆమ్లం, ఓలిక్ ఆమ్లం ఉంటాయట, తోలును మెత్తబరిచేవి అవేనట. ఈ పేర్లు నా చేత పలికించి నవ్వుదామని చూశాడు. నా చదువు మూడో తరగతిలో ఆగింది గానీ నోరు ఆగలేదు. రెండోసారికే తప్పు లేకుండా అప్పజెప్పాను.

అసలు తంటా చేదుతోనే. నూనెతో పాటు అదీ దిగుతుంది. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి కడిగి వదిలించాలి. లేకపోతే పెదవి తడుపుకున్న ప్రతివాడూ తిట్టుకుంటాడు.

కిందటేడు వాళ్లావిడ పోయింది. ఆ గదిలో నూనె తీసే మర తిరిగే చప్పుడు తప్ప మాట వినపడటం మానేసింది. నేను మెట్లెక్కుతూ, "ఏం తమ్ముడూ, బతికే ఉన్నావా?" అని అరిచేదాన్ని.

"ఉన్నా అక్కా, అనుమానమా?" అనేవాడు లోపల్నుంచి. తలుపు తీసేవాడు కాదు. చాలా రోజులు నాకూ పొద్దుటి నుంచి అదే మొదటి మాట. పైకి చెప్పుకుంటే నామోషీ.

మొన్న సీసాలన్నీ షాపు నుంచి వెనక్కొచ్చాయి. దీనికంటే విషం నయమన్నాడట వాడు. ఇంకోసారి ఇలా ఉంటే ఇక తేవద్దన్నాడట. ఆ నూనె మానేస్తే అతను గది దాటి రావడానికి ఇంకో పనే లేదు.

మర్నాడు పొద్దున్నే నా తలుపు కొట్టాడు. ఒక చేతిలో నూనె గిన్నె, ఇంకో చేతిలో వాళ్లావిడ చెంచా.

"ఫ్యాక్టరీలో ఉండగా పెద్ద జ్వరమొచ్చిందక్కా. అప్పట్నుంచి నాకు రుచి లేదు. ఏం తిన్నా అట్టముక్కే. చేదు పోయిందో లేదో ఆవిడే చూసి చెప్పేది. ఇన్నాళ్లూ రంగు చూసి నెట్టుకొచ్చా."

కొంగు చాటు నవ్వు అప్పుడు అర్థమైంది నాకు. "ఓరి దొంగా! మరి ఆ రోజు గుప్పెడు గింజలూ..."

"దొంగ కాగితానికి దొంగ పందెం చాలక్కా," అన్నాడు. నవ్వబోయి ఆగి, చెంచా నా ముందుకు చాపాడు.

"మన వీధిలో మీ నాలుకను మించింది లేదు. ఇకనుంచి మీరే రుచి చూడాలి. జాలిపడి బాగుందనొద్దు, ఆవిడ ఒక్కసారీ అనలేదు. చేదుగా ఉంటే తిట్టండి. మా గదిలోకే వచ్చి తిట్టండి అక్కా, అక్కడ తిట్టేవాళ్లు లేక ఏడాదయింది."