కాకి కబురు వెంట సముద్రం దాటి

అప్పట్లో మా వరంగల్లో సముద్రాన్ని చూసినవాళ్లు చాలా తక్కువ, చూశామని చెప్పుకునేవాళ్లు మాత్రం బజారు నిండా ఉండేవారు. మట్టెవాడలో మా దుకాణం అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకునే ప్రతి పెద్దమనిషి దగ్గరా సముద్రం గురించి ఒక కథ ఉండేది. నీళ్లు ఉప్పగా ఉంటాయని ఒకరంటే, అదంతా ఉత్తదే, ఉప్పునీళ్లలో చేపలెట్లా బతుకుతాయని ఇంకొకరు కొట్టిపారేసేవారు. అలాంటి ఊళ్లో పుట్టి, ఈత రాక, రైల్లో నెక్కొండ దాటి ఎరగని నేను, ఇరవై ఏళ్ల వయసులో రంగూను వెళ్లి, అక్కడి నుంచి అరకాను తీరంలో ఓ దీవికి వెళ్లి, సముద్రంలో తప్పిపోయినవాళ్లను వెతికి వచ్చానంటే ఇప్పుడు నా మనవలే నమ్మరు. (అది వాళ్ల తప్పు కాదు. పక్కవీధి మంగలి దుకాణానికి బయల్దేరి దారి తప్పి, రిక్షాలో తిరిగొచ్చిన తాతను వాళ్లు కళ్లారా చూశారు.)

నాకు ఊహ తెలియకముందే అమ్మానాన్నలు పోయారు. మేనమామ ఇంట్లో పెరిగాను. మామది జంపఖానాల వ్యాపారం. కొత్తవాడ మగ్గాల మీద నేసిన ఆ దళసరి నూలు తివాచీలు రంగూనులో బాగా అమ్ముడుపోతాయని ఎవరో చెప్పగా మూటలు కట్టుకుని వెళ్లి, అక్కడే ఓ కొట్టు పెట్టుకున్నాడు. ఏడాదికోసారి వచ్చేవాడు. ఇక్కడి దుకాణం అత్తా నేనూ చూసుకునేవాళ్లం. అత్తకు పిల్లల్లేరు, మాటలు కూడా తక్కువే. నన్ను ఏనాడూ కొట్టలేదు, ముద్దూ చేయలేదు. వేళకు అన్నం పెట్టేది. "తిన్నవా" అని ఆమె అడగడం, "తిన్న" అని నేను చెప్పడం, రోజు మొత్తానికి మా ఇద్దరి మధ్య నడిచే సంభాషణ దాదాపు అంతే.

ఇక్కడ కాకి సంగతి చెప్పాలి. కాకి నెత్తిన తన్నితే ఆ మనిషికి గండమని మా నమ్మకం. అది తప్పాలంటే అతను చచ్చిపోయాడని అయినవాళ్లకు కబురు పంపాలి. వాళ్లు గుండెలు బాదుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం తీరాక, అదంతా ఉత్తదే, మనిషి గుండ్రాయిలా ఉన్నాడని రెండో కబురు పంపాలి. (రెండో కబురు తెచ్చినవాడికి మా వాడలో తిట్లూ చాయ్ రెండూ దొరికేవి.) మామ ఒకసారి రంగూనులో అలాగే చచ్చిపోయాడు. అత్త ఏడ్చింది. వారం తిరక్కుండా మామ బతికాడు. ఆ ఏడు ఇంటికి వచ్చినప్పుడు, తన చావుకు ఎవరెవరు ఎంత ఏడ్చారో పేరుపేరునా వాకబు చేశాడు కూడా.

రంగూను మీద జపానువాళ్ల బాంబులు పడ్డ ఏడాది, కొండలు దాటి కాలినడకన బయటపడ్డ మనిషొకడు వరంగల్ స్టేషన్లో దిగి, దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు. మామ ఎక్కిన నాటుపడవ అరకాను దగ్గర గాలివానలో చిక్కిందని, అందులోవాళ్లు పోయారని చెప్పి, చెంబెడు నీళ్లు తాగి వెళ్లిపోయాడు. అత్త గోడకు ఆనుకుని ఏడ్చింది. సాయంత్రానికి ముఖం కడుక్కుని, గాజులు తీయించడానికి వచ్చిన అమ్మలక్కలతో, "ఇది కాకి కబురు. రెండోది వస్తది. అందాక నా చేతులు ముట్టకుండ్రి" అంది. రెండో కబురు రాలేదు. యుద్ధం ముగిసినా రాలేదు. పేరంటాలకు అత్తను పిలవాలా వద్దా అని వాడంతా తలలు పట్టుకున్నారు. పిలిస్తే విధవను పిలిచామేమోనని భయం, పిలవకపోతే ముత్తైదువను కాదన్నామేమోనని భయం. చివరికి ఆమె గడప తొక్కడమే మానేశారు. అత్త పసుపూ కుంకుమా పెట్టుకుని, ఎవరూ రాని ఇంట్లో ఒక్కతే కూర్చునేది.

అప్పుడు మద్రాసు నుంచి నూలు తెచ్చే షావుకారు ఒకాయన, అరకాను పక్కన ఓ దీవిలో మన తెలుగువాళ్లు కొందరు కొట్టుకుపోయి అక్కడే చిక్కుబడ్డారట అని ఓ మాట అన్నాడు. ఆ పూట అన్నం వడ్డిస్తూ అత్త, "పోయి చూసొస్తవా కొడుకా" అంది. అంతకుముందెన్నడూ ఆమె నన్ను కొడుకా అనలేదు. (ఆ ఒక్క మాటకు నేను లంకకైనా వెళ్లేవాణ్ణి. ఈత రాదన్న సంగతి ఓడ కదిలాకగానీ గుర్తురాలేదు.) మామ బతికే ఉంటే చెయ్యి పట్టుకుని తీసుకురావాలి, లేకపోతే లేడని తెలుసుకుని రావాలి. ఆమె ముత్తైదువో కాదో తేల్చుకు రావలసిన పని, మీసం సరిగా రాని నా మీద పడింది.

రేకు పెట్టె, సకినాల డబ్బా, మామిడికాయ తొక్కు, చుట్టచుట్టిన జంపఖానా. ఇవీ నా సాహసయాత్ర సరంజామా. మద్రాసు రేవులో సముద్రాన్ని చూడగానే నాకు తోచిన మొదటి ప్రశ్న, దీనికి అవతలి గట్టు ఏదీ అని. ఓడ కాసేపు ఊగేసరికి ప్రశ్నలన్నీ పోయి, కడుపులో ఉన్నవి కూడా పోయాయి. డెక్కు మీద పడుకున్న నన్ను చూసి జాలిపడ్డ ఒకే ఒక్క మనిషి లంగరు తాత. గోదావరి వైపు ముసలాయన, పూర్వం రంగూను బియ్యపు మిల్లులో పని చేశాడట. ఎప్పుడు చూసినా లంగరు తాళ్ల చుట్ట మీదే కూర్చునేవాడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. నా జంపఖానా చివర కాస్త చోటిస్తే, నిమ్మకాయ ముక్క చప్పరించమని ఇచ్చేవాడు. మా ఇంటి సంగతీ, మా దుకాణం సంగతీ అన్నీ అడిగి తెలుసుకున్నాడు.

రంగూనులో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, కానీ నా తెలుగు వాళ్లకు వింత. "మా మామ కోసం తిరుగుతాన" అంటే, ఇంకోసారి అనమని పిల్లల్ని పిలిచి వినిపించుకునేవారు. మామను ఎలా వర్ణించాలో నాకు తెలిసేది కాదు. నల్లగా, పొట్టిగా ఉంటాడు, కోపమొస్తే ముక్కు గోక్కుంటాడు అని చెబితే, అలాంటివాళ్లను వీధికి నలుగురిని చూపించారు. ఒకాయన నిజంగానే కోపం తెచ్చుకుని ముక్కు గోక్కున్నాడు. వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఓ సత్రం మూల కూర్చుని ఒంటరిగా తొక్కు అన్నం తిన్నాను. అంతమంది తెలుగువాళ్ల మధ్య, నేను తిన్నానో లేదో అడిగే మనిషి లేడు.

అదిగో, ఆ ఊళ్లోనే, రేవు దగ్గర, పట్టపగలు, పదిమందీ చూస్తుండగా కాకి నన్ను తన్నింది. పక్కనే ఉన్న లంగరు తాత గుండె పట్టుకున్నాడు. ఇంటికి కబురెట్టాలి, పద, తంతి ఆఫీసుకు పోదామన్నాడు. "ఎవరున్నారురా అబ్బాయ్, నీకు ఏడవడానికి?" అని అడిగాడు. నేను ఆలోచించాను. అమ్మ లేదు, నాన్న లేడు. మామ ఉన్నాడో లేడో తెలుసుకోవడానికే వచ్చాను. అత్త ఉంది గానీ, ఆమె ఏడుపంతా మామకే అయిపోయి ఉంటుంది, నా వంతుకు ఏం మిగిలి ఉంటుంది. "ఎవ్వరు లేరు తాతా" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయన మాత్రం నవ్వలేదు. అంత దూరం వచ్చినందుకు కాదుగానీ, ఆ మాట అన్నందుకు ఆ సాయంత్రమంతా దిగులుగా ఉంది.

చిన్న స్టీమరెక్కి, ఆపైన నాటుపడవెక్కి, దారి పొడుగునా మొక్కని దేవుడు లేకుండా మొక్కి, ఆ దీవికి చేరాను. కొట్టుకొచ్చిన తెలుగువాళ్లు ముగ్గురు ఉన్నారు. అక్కడి పల్లెవాళ్లతో కలిసి ఉప్పు పండించుకుంటూ బతుకుతున్నారు. నా జంపఖానా పరిచి కూర్చోమంటే, నేత గుర్తుపట్టి, అందులో గడ్డమాయన చేత్తో దాన్ని నిమిరాడు. ఆయన ఏమీ అనకముందే నాకు సంగతి తెలిసిపోయింది. మామ దీవి దాకా రాలేదు. పడవలోనే పోయాడు. గడ్డమాయన చెప్పిందంతా విన్నాక, ఇక మీరైనా ఇంటికి రండి, నేను తీసుకుపోతానన్నాను (అసలు నన్నెవరు తీసుకుపోతారో నాకే తెలియదు). వాళ్లు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మా ఇళ్లల్లో మా కోసం ఏడ్చేసి ఊరుకునుంటారండి. ఊరుకున్నోళ్లని మళ్లీ కదపడం ఎందుకండి" అన్నాడు గడ్డమాయన. పడవ కదిలాక వెనక్కి చూస్తే, ముగ్గురూ ఒడ్డున నిలబడే ఉన్నారు.

తిరుగు ప్రయాణమంతా అత్తకు ఎలా చెప్పాలో సాధన చేశాను. ఓడలో ఒక రకంగా, రైల్లో ఇంకో రకంగా. మిట్టమధ్యాహ్నం మట్టెవాడలో అడుగుపెట్టేసరికి పక్క దుకాణం బట్టలాయన చేతిలోని గజంకర్ర జారవిడిచాడు. మిఠాయి దుకాణమాయన నా ముఖం చూడకుండా, వంగి నా పాదాలు చూశాడు (దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా). ముందుకే ఉన్నాయని రూఢి చేసుకున్నాక, నేను చచ్చిపోయానని రంగూను తంతి ఆఫీసు నుంచి తార్ వచ్చిందని చెప్పాడు. లంగరు తాత నాకు చెప్పకుండా తన పని తాను చేసుకుపోయాడన్నమాట. రెండో కబురు మాత్రం పంపలేదు. దానికి నేనే ఉన్నానుగా అనుకుని ఉంటాడు.

అత్త లోపలి నుంచి వచ్చింది. చేతులకు గాజులు అలాగే ఉన్నాయి. కళ్లు వాచి ఉన్నాయి. "తిన్నవా" అంది. లేదన్నాను. కంచం పెట్టి, ఎదురుగా కూర్చుంది. తార్ వస్తే ఏడ్చానని చెప్పింది. నమ్మినవా అత్తా అని అడిగాను.

"నమ్మలే. కాకి కబురని చదివిచ్చుకోంగనే ఎరుకైంది. అయినా గట్టిగనే ఏడ్చిన. ఉత్తుత్తగ ఏడిస్తే నీకు మంచిగ కాదు గద" అంది. అన్నంలో పప్పు వేసింది. "మీ మామ కబురు వచ్చిననాడే నమ్మిన. నమ్మిన గాబట్టే కాకి కబురన్న."

నేను ఓడలోనూ రైల్లోనూ చేసిన సాధన ఒక్క ముక్క కూడా పనికిరాలేదు.  అత్త పప్పు గిన్నె పక్కన పెట్టి, అప్పుడు అడిగింది. నన్ను సముద్రం దాటించింది ఈ ప్రశ్న కోసమేనని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఒక్కడే పోయిండా?"

"లేదత్తా. పడవల ఒక గడ్డమాయన ఒళ్ల తల పెట్టుకున్నడట. ఆఖరిదాక ముచ్చట పెట్టుకుంటనే ఉన్నడట."

"ఏం ముచ్చట?"

"జంపఖానాలు ఎట్ల నేస్తరో చెప్పుకుంట ఉండెనట."

అత్త నవ్వింది. "ఇంకేం చెప్తడు" అంది. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపయ్యాక, నా కంచంలో ఇంకా అన్నం ఉండగానే, ఎవరినీ పిలవకుండా, తన గాజులు తనే ఒక్కొక్కటిగా తీసి గూట్లో పెట్టి, మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లింది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. సముద్రం దాటి నువ్వు సాధించిందేమిటి తాతా అని మనవలు అడుగుతారు. ఏమీ లేదురా, సగం దారి కక్కుకుంటూ పోయాను, మిగతా సగం వణుక్కుంటూ వచ్చాను అని చెబుతాను. వాళ్లకు చెప్పనిది ఒకటుంది. ఆనాడు అత్త ఏడుపు నాలుగిళ్ల అవతలికి వినబడిందని మిఠాయి దుకాణమాయన నాతో అన్నాడు. నేను నమ్మనట్టు ముఖం పెట్టి, నిజమేనా అని ఆయన చేత మళ్లీ చెప్పించుకున్నాను. తర్వాత కూడా, ఏదో పని ఉన్నట్టు ఆ దుకాణానికి వెళ్లి, ఎన్నిళ్ల అవతలికి వినబడిందని మాట మాటల్లో అడుగుతూ ఉండేవాణ్ణి. ఆయన మంచివాడు, అడిగినప్పుడల్లా ఇంకో ఇల్లు కలిపేవాడు. పళ్లన్నీ ఊడిపోయిన ఈ వయసులో కూడా ఆ ఇళ్లన్నీ నాకు గుర్తున్నాయంటే, నాకే నవ్వొస్తుంది.