పంపు ఆపాక పడిన చుక్కలు

ఒట్టు వేయమంటే వేస్తాను. కానీ ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. ఆ రాత్రి జరిగినదాంట్లో సగం దాని పనే. మిగతా సగం ఎవరి పనో... ఇప్పటికీ తెలియదు.

మా క్యాంపస్ ల్యాబులో నా పని రాళ్లకు యాసిడ్ పట్టించడం. నూనె బావి అడుగున ఇసుకరాయి సందుల్లో బంకమట్టి ఇరుక్కుంటే నూనె రాదు. ఘాటు యాసిడ్‌తో ఆ మట్టిని కరిగించాలి. అంతకుముందు మామూలు యాసిడ్‌తో రాయిలోని సున్నాన్ని కడగాలి. కడగకపోతే ఘాటుదీ సున్నమూ కలిసి గడ్డకట్టి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. జూనియర్లకు ఈ పాఠం చెప్పేది నేనే. ఆ రాత్రి ఆ కడగడం ఎగ్గొట్టిందీ నేనే. తార్నాకలో బిర్యానీ హోటల్ మూసేస్తారని.

రాయి మూసుకుపోయింది. నా పరిశోధనకు తీసుకున్న బావి నుంచి మాకు దొరికిన ముక్క అదొక్కటే. పొద్దున్నే మా గైడ్ సార్ వచ్చి చూస్తారు. అది పోతే నా థీసిస్ పోయినట్టే. రాయిలోకి యాసిడ్ నెట్టే పంపు ఆపాను. ప్రెషర్ మీటరు ముల్లు సున్నాకు పడిపోయింది.

అప్పుడు... టప్.

రాయి అవతల ఉన్న గొట్టం చివరి నుంచి బీకరులోకి ఒక చుక్క.

పంపు వైపు చూశాను. దాని ప్లగ్గు నా చేతిలోనే ఉంది. మళ్లీ... టప్. నేను ఊపిరి వదిలినప్పుడల్లా ఒక చుక్క. ఊపిరి బిగబట్టాను... చుక్క ఆగింది. ఇక పట్టలేక వదిలాను...

టప్.

రాయి గుండె కరిగిద్దామని కూర్చున్నవాణ్ని, నా గుండె జారవిడుచుకుని హాస్టల్‌కు పరుగెత్తాను.

సీనియర్ శ్రీను అన్న నిద్రకళ్లతో అంతా విని, దుప్పటి కప్పుకున్నాడు. "ఏసీకి గట్లనే తడి పడ్తది తమ్మీ. పోయి పండుకో."

పొద్దున సార్ ముందు నీళ్లు పంపితే, ఆ రాయి మునుపటికంటే ధారాళంగా వదిలింది. సార్ భుజం తట్టారు. తర్వాత వేరే రాళ్ల మీద అదే తప్పు కావాలనే చేసి చూశాను. అన్నీ మూసుకుపోయాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. శ్రీను అన్న మాత్రం మెస్సులో అందరి ముందూ నేను ఊపిరి బిగబట్టిన తీరు నటించి చూపించాడు. చాలా రోజులు.

ఆ ముక్కను కడిగి, ఓవెన్‌లో ఎండబెట్టి దాచాను. అన్నకు ఉద్యోగం వచ్చి మెట్టుగూడలో గది తీసుకున్నప్పుడు, మెరిసే కాగితం చుట్టి, పేపర్ వెయిట్ అని చెప్పి బహుమతిగా ఇచ్చాను.

మొన్న రాత్రి ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి...

"తమ్మీ, నువ్విచ్చిన రాయి కింద కాగితాలు రోజూ తడుస్తున్నయ్‌రా. ఏంది గిది?"

"ఏసీకి గట్లనే తడి పడ్తది అన్నా."

"నా రూంల ఏసీ యాడుందిరా?"

లేదని నాకూ తెలుసు. దుప్పటి కప్పుకున్నాను.

"పోయి పండుకో అన్నా."