ఏడుకొండలు గారి వేపపుల్ల

1978వ సంవత్సరం. విజయవాడలో నేను పనిచేసే మిషన్ ఆసుపత్రి మేడ మీద దుప్పట్లు, పక్కగుడ్డలు దాచే గది ఒకటి ఉండేది. దాన్ని ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, రెండు ఇనుప మంచాలు వేసి, తలుపు మీద 'కరోనరీ కేర్ యూనిట్' అని రంగుతో రాయించారు. గుండెపోటు వచ్చినవాళ్ళకు మొదటి రోజులు గండం. ఆ రోజుల్లో వాళ్ళను కళ్ళలో వత్తులు వేసుకుని కాచుకునే గది అది. గుణదల నుంచి రిక్షాలో డ్యూటీకి వచ్చే మామూలు స్టాఫ్ నర్సును నేను. ఆ గదికి నన్ను ఇన్‌చార్జిగా వేశారని తెలిసి మా అమ్మ పాయసం వండి ఇరుగుపొరుగుకు పంచింది.

ఆ గదిలో కొత్తగా వచ్చినవి రెండు యంత్రాలు. ఒకటి కార్డియాక్ మానిటర్. రోగి ఛాతీకి అంటించిన వైర్ల ద్వారా గుండె కొట్టుకునే తీరు చిన్న తెర మీద ఆకుపచ్చ గీతగా కనిపిస్తూ ఉంటుంది. రెండోది డీఫిబ్రిలేటర్. గుండెపోటు వచ్చినవాళ్ళలో కొందరికి గుండె కొట్టుకోవడం మానేసి ఊరికే వణకడం మొదలుపెడుతుంది. దాన్ని ఫిబ్రిలేషన్ అంటారు. అప్పుడు రక్తం కదలదు, మనిషి నిమిషాల్లో పోతాడు. ఇస్త్రీపెట్టెల్లాంటి రెండు పాడిల్స్ ఛాతీకి ఆనించి కరెంటు షాకు ఇస్తే ఆ వణుకు ఆగి గుండె మళ్ళీ దారిన పడుతుంది.

ఈ యంత్రాలు మా ఆసుపత్రి సొంతం కావు. మా డాక్టర్ విద్యాసాగర్ గారు మద్రాసులో శిక్షణ పొందిన పెద్దాసుపత్రి వాళ్ళు 'పైలట్ స్టడీ' కోసం పంపారు. అంటే కొత్త పరికరాన్ని ఊరూరా పెట్టే ముందు, మాలాంటి చిన్నచోట కొద్దిమంది రోగులకు వాడి చూసి, పనికొస్తుందో లేదో తేల్చుకోవడం. పనికిరాదని తేలితే అవి వచ్చిన రైలే ఎక్కి వెనక్కి పోతాయి. అవి పోతే కోస్తా జిల్లాల రోగులు మళ్ళీ మద్రాసు దాకా ప్రాణం నిలుపుకుని వెళ్ళాల్సిందేనని డాక్టరుగారి బాధ.

ఆయన పట్టుబట్టి నర్సులందరికీ షాకు ఇవ్వడం నేర్పారు. దిండుకు పాత చొక్కా తొడిగి, దాని మీద మాచేత సాధన చేయించారు. మా సూపరింటెండెంటు దొడ్డ మనిషే గానీ నిబంధనల విషయంలో బహు గట్టిది. నర్సులు నేర్చుకుంటే నేర్చుకోనివ్వండి, రోగి మీద బటన్ నొక్కేది మాత్రం డాక్టరే, ఏదైనా జరిగితే సమాధానం చెప్పాల్సింది నేను అని తేల్చేసింది. గుండె నేను వచ్చేదాకా కాచుకుని ఉంటుందా అని డాక్టరుగారు వాదించారు. ఆమె వినలేదు.

ఇలా ఉండగా జనవరి చివర్లో కైకలూరు నుంచి ఏడుకొండలు గారిని తీసుకొచ్చారు. కొల్లేటి చేపలకు ఐసు వేసి, బుట్టలు కట్టి కలకత్తా రైలుకెక్కించే వ్యాపారం ఆయనది. నలభై దాటిన మనిషి, పెద్ద గొంతు. మూడొంతుల ప్రాణం పోయి వచ్చినవాడు రెండోనాటికే మాతో చేపల ధరలు మాట్లాడుతున్నాడు. భార్య నాగరత్నం గారు మాట తక్కువ మనిషి. మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఆయన పాదాలు వదిలేది కాదు.

మూడోనాటి పొద్దున మానిటర్ అలారం మోగింది. తెర మీద గీత పిచ్చిపట్టినట్టు ఎగిరెగిరి పడుతోంది. ఫిబ్రిలేషన్ అనుకున్నాం అందరం. డాక్టరుగారు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చారు. నేను కరెంటు సరిగా పారేందుకు పాడిల్స్‌కు జెల్లీ రాసి అందించాను. తీరా చూస్తే ఏడుకొండలు గారు దిండుకు ఆనుకుని, దుప్పటి చాటున వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నారు. ఆ చెయ్యి ఊపుకు ఛాతీ మీది వైర్లు కదిలి తెర మీద గీత అలా ఎగురుతోందన్నమాట. ఆసుపత్రి వెనక వేపచెట్టు నుంచి నాగరత్నం గారు కొమ్మ విరిచి తెచ్చి తలగడ కింద దాచింది.

డాక్టరుగారు పాడిల్స్ చేతిలో పట్టుకునే కాసేపు కేకలేశారు. ఏడుకొండలు గారు పుల్ల తీసి ఎంతో మర్యాదగా చెప్పారు.

"పళ్ళు తోంకోకండా కాఫీ ఎట్టా తాగుతామండీ? చచ్చేవాణ్ణయితే సరే. బతికున్నోణ్ణి కదండీ."

తడిగుడ్డతో నోరు తుడుస్తామంటే ఒప్పుకోలేదు. పుల్ల లాక్కుంటే ఆ పూట కాఫీ ముట్టలేదు, మందు మింగలేదు. కోపంతో నాడి వేగం పెరిగింది. చివరికి డాక్టరుగారే దిగొచ్చారు. మెల్లిగా తోముకోవాలి, తోముకున్నంతసేపూ సిస్టరు పక్కనే ఉండాలి, ఆ కాసేపూ అలారం ఆపి ఉంచాలి అని ఒప్పందం కుదిరింది.

అలారం ఆపడం నాకు నచ్చలేదు. యంత్రం నోరు మూసినప్పుడు నా వేళ్ళయినా పనిచేయాలి కదా అనుకుని, ఆయన కుడిచేత్తో తోముకుంటున్నంతసేపూ ఎడమ మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ కూర్చునేదాన్ని. మా ఆయా ఎస్తేరు, సిస్టరుగారు జాతకం చెబుతున్నారు అని అందరికీ చెప్పి నవ్వించేది. తెర మీద గీత ఎగరడం మొదలైతే చాలు, ఏడుకొండలు గారికి తెల్లారిందిరోయ్ అనేవాళ్ళు వార్డులో. నేనూ నవ్వేదాన్ని గానీ చెయ్యి మాత్రం వదిలేదాన్ని కాదు. నా మొండితనం మా ఇంట్లోవాళ్ళకు బాగా తెలుసు.

గుణదల మేరీమాత తిరునాళ్ళ రోజులు వచ్చాయి. ఆ రోజుల్లో మా వైపు రోడ్లన్నీ జనంతో కిక్కిరిసిపోతాయి. ఆ పొద్దున నేను జనాన్ని తోసుకుంటూ నడిచే వచ్చాను. ఊరవతల నుంచి రావాల్సిన డాక్టరుగారి కారు మాత్రం ఆ జనంలో ఇరుక్కుపోయింది. రెండో డాక్టరు కింద ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు.

ఏడుకొండలు గారు మామూలుగానే పుల్ల నమిలి తోముకోవడం మొదలుపెట్టారు. తెర మీద గీత మామూలుగానే ఎగిరింది. నాగరత్నం గారు బేసిన్ పట్టుకుని నిలబడింది. ఎస్తేరు గది ఊడుస్తోంది. ఉన్నట్టుండి నా వేళ్ళ కింద నాడి లేదు. సరిగ్గా పట్టుకోలేదేమోనని వేళ్ళు జరిపి చూశాను, లేదు. గీత ఎగురుతూనే ఉంది, పుల్ల పళ్ళ మధ్యనే ఉంది, కానీ తోమే చెయ్యి దుప్పటి మీద కదలకుండా పడి ఉంది. కళ్ళు తేలిపోయాయి. చెయ్యి ఆగినా గీత ఎగురుతోందంటే ఇది నిజం ఫిబ్రిలేషనే.

డాక్టరు లేరు, నొక్కడానికి నాకు అనుమతి లేదు. నొక్కి ఆయన పోతే నా ఉద్యోగంతోపాటు యంత్రాలూ పోతాయి. నొక్కకపోతే ఆయన పోతారు. ఈ లెక్కంతా తర్వాత ఇంట్లో కూర్చుని వేసుకున్నదే గానీ, ఆ క్షణాన నేను చేసింది ఒక్కటే. ఆయన నోట్లోంచి పుల్ల లాగి అవతల పారేసి, డీఫిబ్రిలేటర్ ఛార్జికి పెట్టాను.

నాగరత్నం గారు బేసిన్ వదిలేసి ఆయన రెండు కాళ్ళూ వాటేసుకుంది. నేలంతా నీళ్ళు, ఇనుప మంచం. ఆమె ముట్టుకుని ఉండగా షాకు ఇస్తే ఆమెకూ తగులుతుంది.

"నాగరత్నంగారూ, ఆయన కావాలంటే వదలండమ్మా."

ఆమె నా మొహంలోకి చూసింది. నాకు ఇప్పటికీ ఆ చూపు గుర్తుంది. వదలలేదు. ఎస్తేరు చీపురు పడేసి, ఆమెను నడుము పట్టుకుని ఎత్తి గోడ దాకా లాక్కెళ్ళింది. నేను పాడిల్స్ ఆనించి, అందరూ దూరం అని అరిచి, నొక్కాను.

ఆయన ఒళ్ళు మంచం మీద ఒక్క ఎగురు ఎగిరి పడింది. తెర మీద గీత చదునైంది. ప్రభువా అనుకున్నాను. తర్వాత ఒక చిన్న కొండ లేచింది. కాస్త ఆగి ఇంకోటి లేచింది. తెరను వదిలేసి మణికట్టు పట్టుకున్నాను. నాడి కొట్టుకుంటోంది. నాకు ఏడుపు ఆగలేదు.

డాక్టరుగారు చెమటలు కక్కుతూ వచ్చేసరికి ఏడుకొండలు గారు కళ్ళు తెరిచి, ఎవడో గుండెల మీద తన్నాడని ఫిర్యాదు చేస్తున్నారు. షాకు ఎవరిచ్చారని డాక్టరుగారు అడిగితే నేనేనండీ అన్నాను. ఆయన నా పక్కన నిలబడి తెర వంక చూశారు. రోగికి ఇద్దామని తెప్పించిన కాఫీ నాకు ఇప్పించారు.

మధ్యాహ్నం సూపరింటెండెంటు గారు గదికి పిలిచారు. డాక్టరుగారు వెంట వస్తానన్నా వద్దన్నాను. చేసింది నేను, చెప్పుకోవాల్సిందీ నేనే.

"రూలు తెలుసా నీకు?"

"తెలుసండీ."

"మళ్ళీ ఇట్లాంటిదే జరిగితే?"

"మళ్ళీ నొక్కుతానండీ."

ఆమె తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కుంది. వెళ్ళి పని చూసుకో అంది. సాయంత్రానికి యూనిట్ తలుపు మీద కొత్త ఉత్తర్వు అంటించి ఉంది. డాక్టరు దగ్గర లేనప్పుడు, శిక్షణ పొందిన నర్సు షాకు ఇవ్వవచ్చు అని దాని సారాంశం. మద్రాసుకు పంపిన నివేదికలో డాక్టరుగారు ఆ పొద్దుటి సంగతి నా పేరుతో సహా రాశారు. యంత్రాలు వెనక్కి వెళ్ళలేదు.

గర్వం పాపమని మా ఫాదర్‌గారు ఆదివారం ఆదివారం చెబుతూనే ఉంటారు. ఈ ఒక్క విషయంలో నేను ఆయన మాట వినలేకపోయాను.

ఆ తర్వాత ఎన్నో రకాల మానిటర్లు వచ్చాయి. గుండె లోపలి కవాటాలు కదలడం కూడా చూపించే యంత్రాలొచ్చాయి. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి నర్సుకూ మొదటి రోజే చెప్పాను. తెర మీద ఏం కనిపించినా ముందు మనిషి చెయ్యి పట్టుకోండి, తర్వాతే తెర చూడండి అని. వాళ్ళలో కొందరు నవ్వుకునేవాళ్ళు. పర్వాలేదు, చెయ్యి పట్టుకుంటే చాలు.

ఏడుకొండలు గారు చాలా ఏళ్ళు చెకప్‌కు వచ్చారు. డాక్టరు గదిలోకి వెళ్ళకముందే నా బల్ల ముందు కూర్చుని, ఏమీ అడగకుండా ఎడమ చెయ్యి చాచేవారు. డాక్టరుగారు ఎలాగూ చూస్తారు కదండీ అన్నాను ఒకసారి.

"ఆయన యంత్రంతో చూస్తారండి. ముందు మీరు చూడండి."

నేను వేళ్ళు ఆనించి, అవసరం లేకపోయినా, నిమిషం పాటు లెక్కపెట్టేదాన్ని.