రాహుకాలంలో పెట్టిన వెర్షన్

ఉప్పల్‌లో మా ఆఫీసు చిన్నది. శుక్రవారం పొద్దున దేవుడి పటానికి కొబ్బరికాయ కొట్టి, పదిన్నరలోపే కొత్త వెర్షన్‌ను క్లౌడ్‌లో పెట్టేయడం అక్కడి అలవాటు. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం; ఎవరూ సర్వర్ జోలికి పోరు. హేతువాద సభల్లో ముహూర్తాలను ఏకిపారేసి వచ్చినవాణ్ణి నేను. ఆ శుక్రవారం పనిగట్టుకుని పదీ నలభైకి కూర్చున్నాను.

పక్క సీటు సహోద్యోగి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "జర ఆగన్నా. పన్నెండు దాటినంక పెడుదం."

"రాహువుకు మన సర్వర్ పాస్‌వర్డ్ తెలుసా?"

"నవ్వు, నవ్వు. ట్రయల్ గూడ జెయ్యలే నువ్వు."

ఆ రెండో మాట వినవలసింది. ట్రయల్‌కు కూర్చుంటే పన్నెండు దాటుతుంది, నాకేమో ఆ గంటే కావాలి. మీట నొక్కాను. తెర మీద గుర్తులన్నీ పచ్చగా వెలిగాయి. అతని వైపు చూసి నవ్వాను.

నేను పెట్టిన అప్లికేషన్ నాచారంలోని ఒక డయాలిసిస్ సెంటర్‌ది; రెండు నెలల కింద మొదలయ్యాక దానికి ఇదే మొదటి కొత్త వెర్షన్. ఒంట్లో చేరిన నీటిని మిషన్ ఎంత తీయాలో తేల్చాలంటే, నీరు లేనప్పుడు ఆ మనిషి బరువెంతో తెలియాలి. డాక్టరు మార్చిన బరువులన్నీ అందులో ఉంటాయి.

పదకొండు దాటాక అక్కడి టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "సార్, ఒకామె బరువు యాభై రెండు సూపిస్తుంది. ఆమె యాభై నాలుగంటుంది."

"సిస్టమ్‌లో ఉన్నదే పెట్టు" అని ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక అనుమానం వచ్చింది. బరువుల ఫైలు తెరిచాను. దాని మీద రెండు నెలల కిందటి తేదీ ఉంది.

క్లౌడ్‌లో మేము పెట్టేది కంటెయినర్, అంటే అప్లికేషన్‌ను దాని సామగ్రితో సహా సర్దిన పెట్టె. కొత్త వెర్షన్ వస్తే పాత పెట్టెను బాగుచేయరు, పారేస్తారు. అందుకే దాచుకోవలసినదాన్ని పెట్టె బయట, విడిగా ఉంచాలి. మేము లోపలే ఉంచాం. పాత పెట్టెతోపాటు రెండు నెలల మార్పులూ పోయి, మొదట్లో నింపిన బరువులు మళ్లీ పైకి వచ్చాయి. ఖాళీగా కనిపించినా ఎవరో ఒకరు ఆగేవారు. తప్పు అంకె ఒప్పులాగే కనిపిస్తుంది.

ఆమె ఒంట్లోంచి రెండు కిలోల నీరు ఎక్కువ లాగుతారు. బీపీ పడిపోతుంది. గుండె ఆగవచ్చు కూడా.

తిరిగి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మెట్లు దిగుతూ చేశాను. ఉప్పల్ రింగు దగ్గర బస్సుల మధ్య బండి ఇరుక్కుంటే అక్కడా చేశాను. ఆమె చనిపోతే అందరూ రాహుకాలం అంటారన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ క్షణంలో అలాంటిది తోచినందుకు నన్ను నేను అసహ్యించుకున్నాను. నిజానికి ఆ గంటను నేనూ పంచాంగం చూసే ఎంచుకున్నాను. తలకిందులుగా చూశాను, అంతే తేడా.

సెంటర్‌లోకి పరుగెత్తాను. ఆమె మంచం మీద కూర్చుని ఉంది, చేయి కొంగు కింద దాచుకుని. సూది ఇంకా పెట్టలేదు.

"ఒప్పుకుంటలేదు సార్" అన్నాడు టెక్నీషియన్. "డాక్టరమ్మ వచ్చి చెప్పెదాంక చెయ్యి ఇయ్యనంటుంది."

"నేనెట్ల ఇస్త?" అందామె. "పోయిన వారమే డాక్టరమ్మ నా ముంగటనే మార్చింది. కంప్యూటర్‌కేమెరుక నా బరువు?" తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేనా మార్చినోనివి?"

"నేనేనమ్మా. తప్పు నాదే."

డాక్టరు వచ్చి కాగితం ఫైలు తెరిచింది. యాభై నాలుగు. షిఫ్టులో ఆమె తర్వాత మిషన్ ఎక్కాల్సినవాళ్ల బరువులు కూడా కాగితాల్లోంచి చదివింది, నేను ఒక్కొక్కటే సరిచేశాను. తర్వాత వెళ్లిపోవచ్చు. వెళ్లలేకపోయాను. మిషన్ నడిచిన నాలుగు గంటలూ అక్కడే ఉన్నాను. బీపీ చూసిన ప్రతిసారీ లేచి నిలబడ్డాను.

"కూసో తమ్మీ" అంది ఆమె, కళ్లు తెరవకుండానే. "నాకంటే నీకే ఏమన్న అయ్యేటట్టున్నది."