నల్లచొక్కాకు దొరికిన భిక్ష

ఆ రోజుల్లో నాకు మీసం కంటే ముందు సిద్ధాంతం మొలిచింది. తొంభైలలో డిగ్రీ చదువుతూ, మనిషి ఒంటి మీద మతం కనిపించకూడదని అత్తాపూర్ టీకొట్ల దగ్గర గొంతు చించుకునేవాణ్ణి. ఆ సిద్ధాంతం నా ఒంటి మీద మాత్రం కనిపించాలిగా! అందుకని నల్లచొక్కా, నల్ల బ్యాగీ ప్యాంటు కుట్టించుకున్నాను. నలుపు హేతువాదుల రంగు, పైగా అప్పటి ఫ్యాషన్. మా వీధి దర్జీ చాచా ఒకే తానులోంచి బుర్ఖాలూ, అయ్యప్ప స్వాముల బట్టలూ, నా జతా కత్తిరించాడు. "చూశావా చాచా, బట్టకు మతం లేదు!" అని నేను ఉపన్యాసం అందుకోబోతే, "మతం సంగతి నాకు తెల్వది బేటా. నీ ప్యాంటు మాత్రం బుర్ఖా అంత బట్ట తిన్నది," అన్నాడు.

ఆ జత మొదటిసారి వేసుకున్నది శంషాబాద్ గ్రంథాలయంలో జరిగే చర్చకు. (అప్పటికింకా విమానాశ్రయం లేదు, అక్కడ ఎగిరేవన్నీ కొంగలే.) 'వేషం చూసి మనిషిని గౌరవించాలా?' అన్నది అంశం. అదే నా తొలి ఉపన్యాసం. గెలిస్తే మా మిత్రబృందం ఇకనుంచి నన్ను వక్తగా పంపుతుంది, ఓడితే కుర్చీలు మోయిస్తుంది. అది కార్తీక మాసమని నాకు తట్టనేలేదు (పండగలు గుర్తుపెట్టుకోకపోవడం కూడా సిద్ధాంతమే). బస్సెక్కగానే కండక్టర్ "స్వామికి జాగియ్యండ్రి!" అని అరిచి ఒక పెద్దాయన్ని లేపేశాడు. దిగేటప్పుడు తొక్కిసలాటలో చెప్పు తెగింది. చెప్పులు రెండూ కుట్టేవాడి దగ్గర వదిలేసి, ఉత్తకాళ్ళతో, మేధావిలా కనబడాలని పెంచిన గడ్డంతో వెళ్తుంటే, గ్రంథాలయం పక్క సందులో ఒక ఇంటి ముందు పప్పుచారు వాసన నన్ను పట్టి ఆపింది.

"రాండ్రి స్వామీ! భిక్ష యాళ్ళకే వచ్చిండ్రు," అంటూ ఆ ఇంటి అక్క చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసేసింది.

"అయ్యో, నేను స్వామిని కాదండీ!"

"గట్లనే అనాలె. స్వామికి వినయం ఉండాలె."

"నా మెళ్ళో మాల కూడా లేదండీ!"

"అంగి లోపట ఉంటది. గుండీలు ఇప్పి చూపియ్యమంటమా ఏంది?"

లోపల ఐదుగురు అసలు స్వాములు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఆరో విస్తరి పడింది. నా ప్రతిఘటన వంకాయకూర దాకా నిలబడింది. పాయసం తర్వాత గురుస్వామి శరణుఘోష ఎత్తుకుంటే అందరికంటే గట్టిగా అరిచింది నేనే! బయల్దేరుతుంటే ఆ అక్క వంగి నా కాళ్ళకు మొక్కింది. మనిషి కాళ్ళకు మనిషి మొక్కడాన్ని తిడుతూ రెండు పేజీలు రాసుకుని, జేబులో పెట్టుకుని వచ్చినవాణ్ణి నేను!

గంట తర్వాత వేదికెక్కి, "వేషానికి మొక్కడం అజ్ఞానం!" అని బల్ల గుద్దాను. తలెత్తి చూద్దును కదా, రెండో వరుసలో ఆ అక్క. "మా ఇంట్ల భిక్ష చేసిన స్వామే!" అని పక్కావిడకు మురిసిపోతూ చూపిస్తోంది. నోరు మూసుకుని స్వామిగా దిగిపోతే ఆమె సంతోషం మిగులుతుంది, ఉపన్యాసం మునుగుతుంది. ఉపన్యాసం సాగిస్తే నేను తిన్న అన్నాన్ని నేనే తిట్టినట్టు. ఏం చెయ్యాలో తోచక నిజం చెప్పేశాను: "అక్కా, నేను స్వామిని కాను. దేవుడే లేడనేవాణ్ణి. ఆకలేసి తినేశాను. క్షమించండి."

సభ ఈలలతో ఊగిపోయింది. ఆమె లేచి నిలబడింది.

"క్షమించుడేంది తమ్మీ? నల్లంగి జూసి స్వామీ అన్న. తెల్లంగి తొడుక్కొస్తే తమ్మీ అంటుంటి. అన్నమైతే గదే పెడుతుంటి." కూర్చోబోతూ మళ్ళీ లేచింది. "ఇగ నేను కాళ్ళు మొక్కింది మాత్రం నాకు వాపస్ ఇయ్యి!"

నవ్వులు మిన్నంటుతుంటే వేదిక దిగి వెళ్ళి, వంగి, ఆమె కాళ్ళకు మొక్కాను. "సల్లగుండు," అని నెత్తి మీద ఒక్కటి వేసింది. చర్చలో అవతలివాడే గెలిచాడు. ఆ సాయంత్రం కుర్చీలన్నీ నేనే మోశాను. అది మొదలు ఇన్నేళ్ళుగా కాళ్ళు మొక్కడాన్ని ఖండిస్తూ వ్యాసాలు రాస్తూనే ఉన్నాను. ఆ నల్లచొక్కా కుర్రాడి ఒక్క మొక్కును మాత్రం ఖండించడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.