సారు వచ్చిన నాడు బాపును దాచారు

మా చిన్నప్పుడు సర్కారు కబురు డప్పు మీద వచ్చేది... పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే వాడ మొగదల చప్పుడయ్యేది. అంతే, చీపురు అక్కడే పడేసి ఉరికేదాన్ని. విత్తనాలు వచ్చాయన్నా, సూదులు వేసేవాళ్లు వస్తున్నారన్నా ఆ డప్పు కొట్టే మనిషి నోటే వినాలి.

మాది లక్సెట్టిపేట దగ్గర ఊరు. గోదావరి రెండు కోసుల దూరం. అంత పెద్ద నది పక్కనున్నా మేం తాగేది మాత్రం మెట్లబావి నీళ్లే... మెట్లు దిగి, మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి బిందె ముంచుకోవాలి.

ఆ నీళ్లతోనే నారికురుపు వచ్చేది. ఈ కాలం పిల్లలకు తెలియదు లెండి. కాలి మీద బొబ్బ లేచి, పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికి వస్తుంది. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్త లాగాలి. తెగిందా... కాలు వాచి మనిషి మంచాన పడతాడు.

ఆ ఎండాకాలం మా బాపుకు, అంటే మా నాన్నకు, మోకాలి పక్కన నారి లేచింది. సగం పుల్లకు చుట్టుకుంది. వానలు పడేలోగా మిగతాది కూడా వచ్చేస్తే నాగలి పట్టుకోవచ్చని ఆయన ఆశ.

సరిగ్గా అప్పుడే చాటింపు వచ్చింది.

"ఇనుండ్రి... సమితి సారు వస్తుండు... నారి ఎక్కువున్న ఊరికి సర్కారు కొత్త చేదబాయి తవ్విస్తదట... సారు సొంతంగ సూసి పోతడట..."

చేదబావి అంటే నీళ్లలో కాలు పెట్టే పనే లేదు. గిలక మీద తాడేసి తోడుకోవడమే. మా అమ్మను అవ్వ అనేవాళ్లం... అవ్వ సంతోషం చూడాలి ఆ రోజు! "ఇగ మనకే వస్తది. మనకన్న ఎక్కువ నారి ఏ ఊళ్ల ఉన్నది?" అంది. రోగంలో మా ఊరే ముందని మురిసిపోయాం, చూడండి మా బతుకు...

కానీ సారు వస్తున్నాడంటే మా పెద్దలకు తెలిసింది ఒక్కటే... దౌరా. నిజాం కాలంలో అధికారి దౌరాకు వస్తే ఊరు అద్దంలా ఉండాలి. రోగిష్టివాళ్లు కంటపడొద్దు. ఏమడిగినా "మీ దయ" అనాలి. లేదంటే దెబ్బలు, జుర్మానా. రాజ్యం మారింది, పంచాయతీ వచ్చింది, దాని మీద సమితి వచ్చింది, భయం మాత్రం అక్కడే ఉంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు... ఇది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, కొట్టి నేర్పింది.

ముందు రోజు సర్పంచ్ ఇల్లిల్లూ తిరిగాడు. చెడ్డవాడు కాదు, ఊరి మేలు కోరినవాడే. మా బాపుతో, "తమ్మీ, సారు ముంగట కుంటుకుంట తిరిగితె ఊరి ఇజ్జత్ పోతది. రేపు జర చింతతోపుల కూసోని రాండ్రి" అన్నాడు.

తెల్లారి నారి ఉన్నవాళ్లందరినీ ఎడ్లబండ్లెక్కించి ఊరవతలికి తోలారు. బాపు కూడా కిక్కురుమనకుండా ఎక్కాడు.

మెట్లబావి నీళ్లిస్తే మర్యాద కాదని సారు కోసం గోదావరి నీళ్లు తెప్పించారు. జీపు దిగిన మనిషి ఎండన పడి వచ్చాడేమో, చెంబెత్తి గటగటా తాగాడు.

"నీళ్లు చాలా బావున్నాయండీ... ఇక్కడ నారికురుపు ఎవరికైనా ఉందా?" కోస్తా వైపు మనిషి, మెత్తగానే అడిగాడు.

"మీ దయ సార్... అందరం మంచిగున్నం" అన్నాడు సర్పంచ్.

సారుకు అనుమానం వచ్చిందేమో, బిందెతో అటు వస్తున్న మా అవ్వను ఆపాడు. "ఏమ్మా, మీ ఇంట్లో ఎవరికీ లేదా?"

నేను పక్కనే ఉన్నాను. అవ్వ సర్పంచ్ వైపు చూసింది. నేల చూపులు చూసింది. "మీ దయ సార్" అంది.

ఆ బావి కోసం ఎన్ని దేవుళ్లకు మొక్కిందో! నోటి దాకా వచ్చిన మాట బయటికి రాలేదు. అవ్వ మీద నాకు కోపం లేదు... ఆమెకు ఆ మాట నేర్పినవాళ్ల మీద మాత్రం ఇప్పటికీ ఉంది.

"చాలా సంతోషం. అయితే అవసరమున్న ఊరికే ఇద్దాం" అని సారు జీపెక్కాడు. అప్పటిగ్గాని మావాళ్లకు తామేం చేశారో తెలియలేదు. వెంట ఉరికి జీపు ఆపే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

బండి కుదుపులకు దారిలోనే బాపు నారి తెగిందట. పొద్దుగూకే సరికి కాలు పొంగి, ఒళ్లు కాలిపోయింది. మూలుగుతూనే నన్ను అడిగాడు, "బాయి మనకేనా బిడ్డా?" అని. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది.

తర్వాత సర్పంచ్ సమితి ఆఫీసుకు పోయి కాళ్లావేళ్లా పడ్డాడు. "మీరేగా లేదన్నారు, బావి ఇంకో ఊరికి రాసేశాం" అన్నారట.

బాపు బతికాడు, కానీ మోకాలు వంగింది వంగినట్టే ఉండిపోయింది. వానలు పడ్డాయి. మా చెలక భూమి పాలుకిచ్చి, అవ్వా నేనూ కూలికి పోయాం. బాపు మళ్లీ నాగలి ముట్టలేదు.

పక్క ఊళ్లో కొత్త బావికి కొబ్బరికాయ కొడుతున్నారని, అందరూ రావాలని మా వాడలోనే చాటింపు వేశారు. మా వాళ్లెవరూ పోలేదు. ఆ రోజు బాపు అవ్వతో అన్న మాట ఒక్కటే... "నన్నొక్కన్ని సూపెడితె అయిపోతుండె గదనే." మర్నాడు యథాప్రకారం బిందె తీసుకుని మెట్లబావిలో దిగాం. పై ఏడు అవ్వకూ నారి లేచింది.

ఇప్పుడు మా ఊళ్లో ఇంటింటికీ నల్లా ఉంది. నారి దేశంలోనే లేదంటున్నారు, సంతోషం. కానీ మొన్న పోతే ఎవరో పెద్ద సారు వస్తున్నాడని మురుగు పొంగిన మోరీ మీద బండలు కప్పుతున్నారు... అరుగుల మీది ముసలివాళ్లను లోపలికి పొమ్మంటున్నారు. వాళ్లు కూడా మా బాపులాగే కిక్కురుమనకుండా లేచి పోతున్నారు.

మీ ఊళ్లో సారు వస్తున్నాడంటే ఎవరిని దాచేవారు? పేరు చెప్పకపోయినా సరే, రాయండి... ఇన్నేళ్లకైనా వాళ్లను ఎవరో ఒకరు చూసినట్టవుతుంది.