వటుకౌలాకు మోసుకెళ్ళిన అట్టపెట్టె

బావ కాలికి పుండు పడి మానడం లేదని మా చెల్లెలు నరసమ్మ ఫోన్ చేసింది. అందుకే మా ఫిజీలోనే బంగారు గని ఉన్న ఊరు వటుకౌలాకు బయలుదేరాను. చెరుకు నరికి బతికినవాణ్ణి, నాకు రాయడం అంతంత మాత్రమే వచ్చు. అయినా ఆ దారిన పోయేవాళ్ళకు చెప్పాల్సిన మాట ఒకటుంది. మా ఊరు నవాకాలో పొద్దున ఆరింటి బస్సెక్కి నాందీ, అక్కణ్ణుంచి లౌటోకా, మళ్ళీ మారి తవువా. బస్సు కార్డులో ముప్ఫై డాలర్లు వేయిస్తే రానూపోనూ సరిపోతుంది. ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకున్నాను. డబ్బా చేపలు, నూడుల్సు, రెండు ఆరెంజి డ్రింకు సీసాలు. మావాళ్ళలో చుట్టం దుకాణం సరుకు తెస్తాడు, ఇంటివాళ్ళు అదే విప్పి వండుతారు. పెరటి ఆకు పెడితే లేనివాళ్ళమని చెప్పుకున్నట్టే.

తవువాలో వటుకౌలా బస్సు డ్రైవరు పెట్టె చూసి నవ్వాడు. "కాకా, గని దగ్గర దుకాణం పెడతావా?"

"నవాకావాళ్ళం ఒట్టి చేతులతో పోము. నువ్వు బండి తోలు."

పావుగంటలో దింపాడు. అప్పటికి పదకొండు దాటింది. నరసమ్మ పప్పు, కొబ్బరిపాలు పోసిన రౌరౌ వండి పెట్టింది. రౌరౌ అంటే చామాకే. నాకు మండింది. "అన్నకు ఆకు పెడతావా? మీ ఊళ్ళో దుకాణం లేదా?" అన్నాను. ఆమె పెట్టె విప్పి నూడుల్సు వండింది. బావ తన గిన్నె పక్కకు జరిపి నాతోపాటు నూడుల్సు తిన్నాడు, గ్లాసుడు డ్రింకు తాగాడు. "నువ్వొక్కడివే తింటే బాగుంటుందా బావా?" అన్నాడు.

గంట గడిచేసరికి ఆయన నోరెండిపోయి మంచం మీద వాలాడు. నరసమ్మ వేలు గుచ్చి షుగరు చూసి ఏడ్చింది. "మూడు నెలలు నోరు కట్టుకున్నాడన్నా. తిండి మార్చకపోతే కాలు తీసెయ్యాలన్నారు. ఆకు తినమని నర్సు ఏం తినాలో, ఏం తినకూడదో బొమ్మలు చూపించి మరీ చెప్పింది."

ఆ బొమ్మలు నాకు తెలుసు. నాకూ షుగరుంది. నాందీలో నర్సు అవే చూపిస్తే, "నేనేం చిన్నపిల్లాణ్ణా?" అని లేచి వచ్చేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ మాట అప్పుడు చెల్లెలికి చెప్పాను, తలెత్తలేక.

మూడున్నర బస్సుకు ముందు చల్లారిన రౌరౌ నేనే వడ్డించుకున్నాను. బావ మంచం మీంచే చూశాడు. "ఏం బావా, నవాకాలో దుకాణం మూసేశారా?" గిన్నె ఖాళీ చేశాను.

మా నాన్న ఈ ఆకు తినే చెరుకు నరికాడు. డబ్బా కొనే స్తోమత వచ్చాక దాన్ని లేమి అన్నది నేను. పెరట్లో ఊరికే మొలిచేదాన్ని చిన్నచూపు చూసి బావ కాలి మీదికి తెచ్చాను. ఆ పుండు ఇంకా మానలేదు. మీరు ఆ దారిన వెళ్తే తవువా మార్కెట్లో దిగి రెండు చామాకు కట్టలు కొనండి. పెట్టె మోయకండి. వాళ్ళు వండింది వండినట్టు తినండి.